జర్మనీల కూలిన ప్రజాస్వామ్యం బ్రిటన్, ఫ్రాన్స్‌ల ఎట్ల నిలబడ్డది?

ఓరుగల్లు పిల్లగాడు:
అందరికీ నమస్తే. హన్మకొండల రూం తీసుకొని సివిల్స్‌కు చదువుతున్న. వరల్డ్ హిస్టరీల రెండు యుద్ధాల నడుమ కాలం మస్తు సతాయిస్తుంది. ఏ నోట్స్ చూసినా 1929ల అమెరికా షేర్ మార్కెట్ కూలింది, ఉద్యోగాలు పోయినయి, అందుకే హిట్లర్ వచ్చిండు అని రాసి వదిలేస్తున్నరు. మరి అమెరికాల ఉద్యోగాలు పోలేదా, 1933 నాటికి ఆడ నలుగురిల ఒకరికి పని లేకుండె, బ్రిటన్‌ల కూడా దాదాపు 30 లక్షల మంది ఖాళీగ ఉండిరి, అయినా ఎన్నికలు, పార్లమెంటు నడిచినయి కదా. దెబ్బ ఒకటే అయినప్పుడు ఇట్ల వేరే వేరే ఎందుకైంది? ఎవరన్నా జెర చెప్పున్రి.

కాజీపేట అక్క:
తమ్మీ, 1929 కాడ మొదలువెడితే సగమే అర్థమైతది, 1925 నుంచి చదువు. అప్పుడు బ్రిటన్ ఆర్థిక మంత్రి చర్చిల్, యుద్ధానికి ముందున్న రేటుకే పౌండును మళ్ల బంగారానికి కట్టిండు, అంటే పౌండుకు ఇంత బంగారం అని విలువ ఖాయం చేసిండు, ఆ లెక్కన పౌండుకు 4.86 డాలర్లు. ఇది చాలా ఎక్కువ రేటు అని ఆర్థికవేత్త కీన్స్ అప్పుడే మొత్తుకున్నడు. పౌండు పిరమైతే బ్రిటిష్ బొగ్గు కూడా బయట దేశాలల్ల పిరమైతది, కొనేటోడు ఉండడు, గనుల ఓనర్లు ఆ నష్టం తెచ్చి కార్మికుల మీద పెట్టిర్రు, కూలి తగ్గిస్తం, గంటలు పెంచుతం అన్నరు. దాని మీదనే 1926 మే నెలల తొమ్మిది రోజులు జనరల్ స్ట్రైక్ అయింది, రైళ్లు, బస్సులు, ప్రెస్సులు చాలా వరకు బంద్. మిగతా యూనియన్లు విరమించినా గని కార్మికులు నెలల తరబడి కొట్లాడిర్రు, ఆఖరికి ఇంట్ల తిండి లేక తక్కువ కూలికే గనిలకు దిగిర్రు. నేను సింగరేణి కాలనీల పెరిగినదాన్ని, ఇది చదివినప్పుడల్లా కడుపుల దేవినట్టైతది.

డిగ్రీ కాలేజ్ లెక్చరర్:
అక్కయ్య మంచిగ చెప్పింది. నేను ఇంకోటి కలుపుత. రెండు దేశాలల్ల సర్కారు పడిపోయిన కారణం దాదాపు ఒకటే, పని లేనోళ్లకు ఇచ్చే పైసలు. జర్మనీల 1930 మార్చిల నిరుద్యోగ బీమా చందా అర శాతం పెంచే కాడ కూటమి విరిగింది, బ్రిటన్‌ల 1931 ఆగస్టుల నిరుద్యోగ భృతి 10 శాతం కోసే కాడ లేబర్ క్యాబినెట్ చీలింది.

ఆ తర్వాత నడిచిన తొవ్వ చూడు. బ్రిటన్‌ల లేబర్ ప్రధాని మెక్‌డొనాల్డ్ తన పార్టీని వదిలి కన్జర్వేటివ్‌లు, లిబరల్స్‌తోని కలిసి నేషనల్ గవర్నమెంట్ పెట్టిండు, సొంతోళ్లు ద్రోహి అన్నరు, అది వేరే ముచ్చట, కానీ పార్లమెంటు నడిచింది, అక్టోబర్‌ల ఎన్నికలు కూడా అయినయి. అంతకుముందే సెప్టెంబర్ 21న బంగారాన్ని వదిలేసిర్రు, పౌండు పడ్డది, 1932ల బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వడ్డీ రేటు 2 శాతానికి దించిర్రు, లోన్లు సులువై ఇండ్లు కట్టుడు పెరిగింది. జర్మనీల ఏమో పార్టీలు కలవలే, ప్రెసిడెంట్ హిండెన్‌బర్గ్ సంతకంతోని, రాజ్యాంగంల ఎమర్జెన్సీ అధికారమిచ్చే ఆర్టికల్ 48 కింద ఆర్డర్ల మీద ఆర్డర్లు, చాన్సలర్ బ్రూనింగ్ ఆ కరువులనే జీతాలు, భృతులు కోసిండు. 1928ల 12 సీట్లున్న హిట్లర్ పార్టీ నాజీలకు 1930ల 107, 1932 జూలైల 230. హిట్లర్ కుర్చీ ఎక్కింది 1933 జనవరి 30న, పార్లమెంటును పక్కకు పెట్టుడు దానికి మూడేండ్ల ముందే మొదలైంది. నీ ఆన్సర్ల ఈ పాయింట్ పక్కా రావాలె.

ఓరుగల్లు పిల్లగాడు:
థాంక్యూ సార్, ఇట్ల ఎవ్వరు చెప్పలే. మరి ఫ్రాన్స్ బంగారాన్ని వదలకుండ ఎట్ల గట్టెక్కింది?

వేయిస్తంభాల కాడ:
గట్టెక్కింది అనుడు కష్టమే అన్నా. ప్రభుత్వాలు నెలలకే మారుతుండె. 1934 ఫిబ్రవరి 6న ప్యారిస్‌ల రైట్ వింగ్ గుంపులు పార్లమెంటు మీదికి పోబోతే కాల్పులైనయి, జనం సచ్చిర్రు, తెల్లారి ప్రధాని దలాదియే దిగిపోయిండు. అప్పటిదాక ఒకరి మొఖం ఒకరు చూడని సోషలిస్టులు, కమ్యూనిస్టులు ఈ భయంతోనే ఫిబ్రవరి 12న ఒక్కటై రోడ్డెక్కిర్రు. జర్మనీల కలవనిది ఈ రెండు పార్టీలే. 1936ల వామపక్షాల కూటమి పాపులర్ ఫ్రంట్ గెలిచి లియోన్ బ్లూమ్ ప్రధాని అయిండు, వారానికి 40 గంటల పని, ఏడాదికి రెండు వారాల జీతంతోని సెలవు తెచ్చిండు. బంగారాన్ని మాత్రం ఆ సెప్టెంబర్ దాక పట్టుకొనే ఉన్నరు, అందుకే కోలుకునుడు లేట్ అయింది, 1937 జూన్‌ల బ్లూమ్ కూడా దిగిపోయిండు.

కాజీపేట అక్క:
లెక్చరర్ సార్, బ్రిటన్ బాగుపడ్డది అంటే నేను ఒప్పుకోను. ఇండ్లు కట్టింది ఎక్కువ దక్షిణాన, ఉత్తరాన జారో ఊర్ల షిప్‌యార్డ్ మూతపడి ఊర్ల చానమందికి పని లేకుండ అయింది, 1936 అక్టోబర్‌ల 200 మంది లండన్ దాక నడిచిపోతే ప్రధాని బాల్డ్విన్ వాళ్లను కలువనే లేదు. ఇంకోటి, 1931ల పౌండును బంగారం నుంచి విడిపించినా మన రూపాయిని మాత్రం పౌండుకే 18 పెన్స్ కాడ కట్టేసి ఉంచిర్రు. ధాన్యం, పత్తి ధరలు పడిపోయి అప్పులు తీర్చలేక ఇండియా రైతులు ఇంట్ల బంగారం అమ్ముకున్నరు, అది ఓడలల్ల లండన్ పోయింది. తమ్మీ, బ్రిటన్ మీద ఆన్సర్ రాస్తే ఈ సంగతి గూడ రాయి.

డిగ్రీ కాలేజ్ లెక్చరర్:
ఒప్పుకుంటున్న అక్కయ్యా, జారో సంగతి నేను చెప్పాల్సింది. నిలబడ్డది పార్లమెంటు, అందరి బతుకులు కాదు. పిల్లగా, అమెరికా గురించి రేపు రాస్త, బ్యాంకుల ముచ్చటే పెద్దగుంటది.