కేవీఎం స్విచ్ కొనాలా, యూఎస్‌బీ స్విచ్ ఒక్కటి చాలా?

అరుగుమీద:
ఆఫీసు లాప్‌టాప్ ఒకటి, సొంత డెస్క్‌టాప్ ఒకటి. మానిటర్, కీబోర్డు, మౌస్ మాత్రం ఒక్కొక్కటే. మానిటర్ 27 అంగుళాలు, 2560×1440, 144 హెర్ట్జ్. వెనక ఒక డిస్‌ప్లేపోర్ట్, రెండు హెచ్‌డీఎంఐ. డెస్క్‌టాప్‌లో విండోస్ 11, విడిగా గ్రాఫిక్స్ కార్డు. లాప్‌టాప్‌లోనూ విండోసే, కానీ అడ్మిన్ హక్కులు లేవు, ఏదీ ఇన్‌స్టాల్ చెయ్యనివ్వదు, రోజంతా వీపీఎన్‌లో ఉండాలి. బల్ల ఇరుకు కాబట్టి దాని మూత మూసే ఉంచాలి. ఒకే మానిటర్, కీబోర్డు, మౌస్‌ని రెండు కంప్యూటర్ల మధ్య మార్చే డబ్బా, కేవీఎం స్విచ్, తీసుకోమని కొందరు, వద్దని కొందరు అంటున్నారు. ఏది నయం?

కేబుల్‌శాస్త్రి:
కేవీఎం వద్దండీ. మీ మానిటర్‌కే మూడు ఇన్‌పుట్‌లు ఉన్నప్పుడు బొమ్మని మధ్యలో ఇంకో డబ్బాలోంచి తిప్పి తేవడం దేనికి? డెస్క్‌టాప్‌ని డిస్‌ప్లేపోర్ట్‌కి, లాప్‌టాప్‌ని హెచ్‌డీఎంఐకి నేరుగా పెట్టండి. కీబోర్డు, మౌస్‌ల కోసం రెండు కంప్యూటర్ల యూఎస్‌బీ స్విచ్ ఒకటి చాలు, దానికి మీట ఒకటి ఉంటుంది. మీట నొక్కాక మానిటర్‌లో ఇన్‌పుట్ మార్చుకోవడమే.

చవక కేవీఎంల మీద పెద్దక్షరాలతో "4కే" అని ఉంటుంది. పెట్టె వెనక్కి తిప్పితే 30 హెర్ట్జ్ అని కనిపిస్తుంది. అంటే లోపల ఉన్నది హెచ్‌డీఎంఐ 1.4. అది మోసేది సెకనుకు 8.16 గిగాబిట్ల బొమ్మ. మీ 1440పీ 144 హెర్ట్జ్‌కి దాదాపు 14 కావాలి. హెచ్‌డీఎంఐ 2.0 అయితే 14.4 కాబట్టి ఇరుగ్గా పడుతుంది, డిస్‌ప్లేపోర్ట్ 1.2 అయితే 17.28 కాబట్టి హాయిగా పడుతుంది. 1.4 డబ్బా పెడితే 75 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతారు.

రాత్రిషిఫ్ట్:
శాస్త్రి గారూ, "ఇన్‌పుట్ మార్చుకోవడమే" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. మానిటర్ వెనక ఆ చిన్న జాయ్‌స్టిక్‌ని తడుముకుని, మెనూలోకి వెళ్లి, కిందికి దిగి, ఖాయం చెయ్యాలి. మార్చిన ప్రతిసారీ నాలుగైదు నొక్కుళ్లు. కేవీఎంలో ఒక్క నొక్కు, లేదా స్క్రోల్‌లాక్ రెండుసార్లు.

144 కావాలంటే డిస్‌ప్లేపోర్ట్ 1.4 కేవీఎంలు దొరుకుతున్నాయి. బొమ్మ మిణుకుమనడం, సెకను నల్లబడి తిరిగి రావడం ఎక్కువగా కేబుల్ వల్లే. మామూలు కేవీఎం సిగ్నల్‌ని బలపరచదు, రెండు కేబుళ్లు కలిపి ఒక పొడవాటి కేబుల్‌లా లెక్క. అటు ఒకటిన్నర మీటరు, ఇటు ఒక మీటరు దాటకుండా చూసుకుంటే గొడవ ఉండదు.

తెరచాటు:
అసలు డబ్బాలే అక్కర్లేదు బ్రదర్. మైక్రోసాఫ్ట్ వాళ్ల పవర్‌టాయ్స్‌లో మౌస్ వితౌట్ బోర్డర్స్ ఉంది, ఒకే కీబోర్డు, మౌస్‌ని నెట్‌వర్క్ మీదుగా వేరే కంప్యూటర్లకీ పంచుతుంది, ఉచితం, నాలుగు కంప్యూటర్ల దాకా పనిచేస్తుంది. మాక్, లినక్స్ కూడా కలవాలంటే ఇన్‌పుట్ లీప్, డెస్క్‌ఫ్లో ఉన్నాయి.

కేబుల్‌శాస్త్రి:
ఆయన ప్రశ్న ఇంకోసారి చదవండి. లాప్‌టాప్‌లో ఏదీ ఇన్‌స్టాల్ కాదు. ఒకవేళ అయినా, చాలా ఆఫీసు వీపీఎన్‌లు ఇంటి నెట్‌వర్క్‌లోని మిగతా యంత్రాలతో మాట్లాడనివ్వవు. మౌస్ వితౌట్ బోర్డర్స్ 15100, 15101 నెట్‌వర్క్ పోర్టులూ, ఇన్‌పుట్ లీప్ 24800 పోర్టూ వాడతాయి, అవి మూసుకుపోతే కర్సర్ అంచు దగ్గరే నిలబడిపోతుంది. క్లిప్‌బోర్డు కూడా రెండువైపులా పంచుతాయి కాబట్టి, ఆఫీసు సమాచారం సొంత కంప్యూటర్‌లోకి జారే దారి తెరిచినట్టే. వీటన్నిటికీ మించి, ఈ సాఫ్ట్‌వేర్లు పంచేది కీబోర్డు, మౌస్‌లనే. మానిటర్‌ని పంచవు. రెండు కంప్యూటర్లకీ విడివిడిగా తెర ఉన్నవాళ్ల కోసం చేసినవి అవి.

తెరచాటు:
సరే, ఒప్పుకుంటున్నా. లాప్‌టాప్ మూత తెరిచి పెట్టుకునే వాళ్లకే అది.

రాత్రిషిఫ్ట్:
మూత మాట వచ్చింది కాబట్టి, కేవీఎం కొనేవాళ్లు ముందు చూడాల్సింది ఈడీఐడీ ఎమ్యులేషన్. మానిటర్ తన రిజల్యూషన్లు, రిఫ్రెష్ రేట్లు రాసి పెట్టుకున్న చిన్న పట్టికే ఈడీఐడీ. హెచ్‌డీఎంఐలో 15, 16 పిన్‌ల మీదుగా కంప్యూటర్ దాన్ని చదువుకుంటుంది. మానిటర్ తగిలించి ఉందా లేదా అని చెప్పేది 19వ పిన్, హాట్‌ప్లగ్. చవక కేవీఎం అటు మారగానే ఇటువైపు 19వ పిన్ పడిపోతుంది. ఇటువైపు కంప్యూటర్‌కి మానిటర్ ఊడబెరికినట్టే. విండోలన్నీ వేరే తెర మీదికి పోతాయి, లేదా ఉన్న ఒక్క తెరా పోయి కొలతలు మారిపోతాయి. తిరిగి వచ్చేసరికి అన్నీ ఓ మూలన కుప్పపడి ఉంటాయి. ఎమ్యులేషన్ ఉన్న కేవీఎం మాత్రం అటు మారినా ఇటువైపు ఆ పట్టికనీ, హాట్‌ప్లగ్‌నీ తనే నిలబెడుతుంది.

విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, మల్టిపుల్ డిస్‌ప్లేస్ కింద విండోల స్థానాలు గుర్తుపెట్టుకునే టిక్కు ఉంది. పెట్టుకోండి, కొంతవరకే కాస్తుంది.

మూత మూసిన లాప్‌టాప్‌కి మానిటర్ మాయమైతే ఏమవుతుందన్నది సిస్టమ్‌ని బట్టి ఉంటుంది. మాక్‌బుక్ నిద్రలోకి పోతుంది. లినక్స్‌లో మామూలుగా రెండో తెర ఉన్నంతసేపు మూతని పట్టించుకోదు, తెర పోతే నిద్రపోతుంది. విండోస్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి, చార్జర్ పెట్టి ఉన్నప్పుడు మూత మూస్తే "ఏమీ చెయ్యవద్దు" అని పెట్టాలి. ఆఫీసు పాలసీ ఆ గడిని బూడిద రంగులో బిగించేసి ఉంటే మాత్రం మూత మూసే ఆలోచన మానుకోవాల్సిందే.

కేబుల్‌శాస్త్రి:
మీరు చెప్పిందంతా నా వాదనకే బలం కదండీ. నేరుగా తగిలిస్తే చాలా మానిటర్లు పక్క ఇన్‌పుట్ చూస్తున్నా ఈ హాట్‌ప్లగ్‌ని వదలవు. ఎమ్యులేషన్ కోసం వేరే డబ్బులు పెట్టక్కర్లేదు.

రాత్రిషిఫ్ట్:
హెచ్‌డీఎంఐలో నిజమే. డిస్‌ప్లేపోర్ట్‌లో అన్ని మానిటర్లూ అలా ఉండవు, పక్కకి మారగానే వదిలేసేవి ఉన్నాయి. మెనూలో డీప్ స్లీప్ లాంటిది ఉంటే ఆపేసి చూడాలి.

పెంగ్విన్‌మావ:
ఇద్దరూ వాదించుకుంటున్న ఆ జాయ్‌స్టిక్ నొక్కుళ్లు తప్పించే దారి ఉంది. డీడీసీ-సీఐ. వీడియో కేబుల్ గుండానే కంప్యూటర్ మానిటర్‌కి ఆజ్ఞలివ్వగలదు: వెలుతురు, శబ్దం, ఇన్‌పుట్. ఇన్‌పుట్ మార్చే కోడ్ హెక్సాడెసిమల్‌లో 60. విలువలు మామూలు అంకెల్లో: డిస్‌ప్లేపోర్ట్-1కి 15, హెచ్‌డీఎంఐ-1కి 17, హెచ్‌డీఎంఐ-2కి 18. విండోస్‌లో నిర్‌సాఫ్ట్ వాళ్ల కంట్రోల్‌మైమానిటర్, లినక్స్‌లో డీడీసీయుటిల్ ఈ పని చేస్తాయి. మానిటర్ మెనూలో డీడీసీ-సీఐ ఆన్‌లో ఉండాలి, ఆటో సోర్స్ ఆఫ్‌లో ఉండాలి. ఆటో సోర్స్ ఉంచితే ఒక కంప్యూటర్ నిద్రపోగానే మానిటర్ తనే ఇన్‌పుట్‌లన్నీ వెతుక్కుంటూ తిరుగుతుంది.

అసలు కిటుకు ఇదీ. డిస్‌ప్లే-స్విచ్ అని ఒక ఓపెన్‌సోర్స్ ప్రోగ్రామ్ ఉంది. మీరు చెప్పిన యూఎస్‌బీ పరికరం, అంటే కీబోర్డే అనుకోండి, ఊడిందా తగిలిందా అని కనిపెట్టి మానిటర్ ఇన్‌పుట్ మార్చేస్తుంది. డెస్క్‌టాప్‌లో ఒక్కదాంట్లో పెడితే చాలు. యూఎస్‌బీ స్విచ్ మీట నొక్కగానే కీబోర్డు డెస్క్‌టాప్ నుంచి ఊడుతుంది, "ఊడితే హెచ్‌డీఎంఐ-1" అని రాసి పెట్టుకున్న లైను పనిచేస్తుంది. మళ్లీ నొక్కితే కీబోర్డు తగులుతుంది, "తగిలితే డిస్‌ప్లేపోర్ట్-1". ఆఫీసు లాప్‌టాప్‌ని ముట్టుకోనే అక్కర్లేదు.

ఒక మెలిక ఉంది. వెళ్లేటప్పుడు ఆజ్ఞ ఇస్తున్నది తెర మీద ఉన్న కంప్యూటరే కాబట్టి మానిటర్ వింటుంది. తిరిగి వచ్చేటప్పుడు తెర లాప్‌టాప్‌ది, ఆజ్ఞ డెస్క్‌టాప్‌ది. కొన్ని మానిటర్లు అప్పుడు తెర మీద లేని ఇన్‌పుట్ మాట వినవు. కొన్ని ఎల్‌జీ మోడళ్లయితే ఈ 60 కోడ్‌నే పట్టించుకోవు, వాటికి సొంత కోడ్ వేరు.

కొనకముందే పరీక్ష చేసుకోవచ్చు. డెస్క్‌టాప్‌లో పది సెకన్ల తరవాత డిస్‌ప్లేపోర్ట్‌కి రమ్మనే ఆజ్ఞ పెట్టి, ఈలోగా చేత్తో హెచ్‌డీఎంఐకి మార్చి కూర్చోండి. తెర తనంతట తను వెనక్కొస్తే మీ మానిటర్ వింటుంది.

అరుగుమీద:
పరీక్ష చేశాను. వెళ్లడం బాగుంది, వెనక్కి రావడం లేదు.

పెంగ్విన్‌మావ:
అయితే ఒకవైపు మాత్రం చేత్తోనే. మానిటర్ మెనూలో షార్ట్‌కట్ బటన్‌కి "ఇన్‌పుట్ సోర్స్" అప్పగించే వీలుందేమో చూడండి, నాలుగైదు నొక్కుళ్లు రెండుకి దిగుతాయి.

రాత్రిషిఫ్ట్:
లేదా కేవీఎం. ఇప్పుడైనా ఒప్పుకోండి శాస్త్రి గారూ.

కేబుల్‌శాస్త్రి:
రెండు నొక్కుళ్ల కోసం డిస్‌ప్లేపోర్ట్ 1.4, ఈడీఐడీ ఎమ్యులేషన్ రెండూ ఉన్న డబ్బానా? ఒక మామూలు యూఎస్‌బీ స్విచ్‌కి ఎన్నో రెట్లు అవుతుంది. పైగా ఆయన లాప్‌టాప్‌కి ఉన్నది హెచ్‌డీఎంఐ ఒక్కటే అయితే, హెచ్‌డీఎంఐ నుంచి డిస్‌ప్లేపోర్ట్‌కి మార్చే యాక్టివ్ అడాప్టర్ విడిగా కొనాలి, దానికి కరెంటూ కావాలి. డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లే చవక అడాప్టర్‌ని తిరగేసి పెడితే పనిచెయ్యదు.

రాత్రిషిఫ్ట్:
లాప్‌టాప్‌కి బొమ్మ పంపగలిగే యూఎస్‌బీ-సీ ఉంటే ఆ అడాప్టరే అక్కర్లేదు, సీ నుంచి డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ చాలు. సీ పోర్టు ఉన్నంత మాత్రాన బొమ్మ వస్తుందని లేదు, పోర్టు పక్కన డిస్‌ప్లేపోర్ట్ గుర్తో, మెరుపు గుర్తు బాణమో ఉందా చూడండి.

ఏది కొన్నా యూఎస్‌బీ వైపు ఒక సంగతి. కేవీఎంలో కీబోర్డు గుర్తున్న పోర్టులు సొంతంగా కీబోర్డులా నటిస్తాయి. మార్చగానే పనిచేస్తాయి, స్క్రోల్‌లాక్ కిటుకూ అక్కడే. కానీ గేమింగ్ మౌస్ అదనపు బటన్లు, మాక్రో కీలు అక్కడ పోతాయి. అలాంటివి పక్కనున్న మామూలు హబ్ పోర్టులో పెట్టాలి. అక్కడ స్క్రోల్‌లాక్ పనిచెయ్యదు, మీటే గతి.

పెంగ్విన్‌మావ:
వైర్‌లెస్ మౌస్ డాంగిల్ అయితే యూఎస్‌బీ 3.0 పోర్టు పక్కన పెట్టకండి. ఆ పోర్టుల రొద 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర పడుతుంది, మౌస్ ఆగి ఆగి కదులుతుంది. చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో అరమీటరు దూరం జరిపితే కుదురుకుంటుంది. స్విచ్‌లో పెన్‌డ్రైవ్ మాత్రం మరిచిపోయి ఉంచకండి. మీట నొక్కగానే అది ఆఫీసు లాప్‌టాప్‌కి తగులుతుంది, ఆ తరవాత ఐటీ వాళ్ల నుంచి మెయిల్ వస్తుంది.