బయో బేలో నీళ్లలో దిగడం తప్పేనా? (పార్గెరా వెళ్లొచ్చాక మొదలైన గొడవ)

కోనసీమ కుర్రోడు, న్యూజెర్సీ

ముందు సంగతి చెబుతాను, తర్వాత తిట్టండి.

వీసా స్టాంపింగ్ భయంతో దేశం దాటని హెచ్1బీ జనమంతా ఏం చేస్తారో మేమూ అదే చేశాం. అమెరికా కిందే ఉన్న ప్యూర్టోరికో దీవికి వెళ్లాం. అమలాపురం నుంచి అమ్మా, నాన్నగారూ వచ్చి ఉన్నారు. రాత్రిపూట నీళ్లు వెలిగే బయో బేలు అక్కడ మూడున్నాయి: వియెకెస్ దీవిలో మస్కిటో బే, ఫహార్దోలో లగూనా గ్రాండే, నైరుతి మూలన లా పార్గెరా. మొదటి రెండిట్లో నీళ్లలో దిగకూడదు. పార్గెరాలో దిగొచ్చు, మోటారు పడవలూ తిరుగుతాయి. నాన్నగారికి మోకాళ్లు అరిగిపోయాయి. కయాక్‌లో కాళ్లు బారజాపుకుని తెడ్డేయడం అయ్యే పని కాదు. అందుకని శాన్ హువాన్ నుంచి రెండు గంటల పైన కారు తోలుకుని పార్గెరాకే పోయాం.

మడుగు మధ్యకి వెళ్లాక పడవాయన ఇంజను ఆపి లైట్లు తీసేశాడు. మొదట ఏమీ లేదు. చీకటి, దోమలు, ఎవరో చిప్స్ ప్యాకెట్ నలుపుతున్న చప్పుడు. "దీనికా ఇంత దూరం తెచ్చావు" అన్నట్టు అమ్మ నిట్టూర్చింది. నాన్నగారు పంచె పైకెగ్గట్టి, పడవ వెనక నిచ్చెనమెట్టు మీద కూర్చుని కాళ్లు నీళ్లలోకి వదిలారు. పాదం ఆడించినప్పుడల్లా మడమ చుట్టూ తెల్లటి నీలం ఒకటి పొంగి, ఆరిపోతోంది. దోసిట్లోకి నీళ్లు తీసుకుని ముంజేతి మీద పోసుకుంటే వెంట్రుకల మధ్య చుక్కలు చుక్కలుగా మెరిసి జారిపోయాయి. "కాకరపువ్వొత్తి రవ్వల్లా ఉన్నాయిరా, కాలట్లేదు" అన్నారాయన. తర్వాత నేనూ, మా ఆవిడా దూకి ఓ పది నిమిషాలు ఈదాం.

ఇదంతా వాట్సాప్ గ్రూపులో రాస్తే ఒక ఫ్రెండు "మీలాంటి వాళ్ల వల్లే ఆ మడుగులు ఆరిపోతున్నాయి" అన్నాడు. అక్కడి రూలు ఒప్పుకున్న పనే చేశాం కదా. తప్పెలా అయింది?

మడచెట్టు

మీ ఫ్రెండు మాట కటువుగా ఉంది గానీ విషయం ఉంది. ప్లాంక్టన్ మీద, అంటే నీళ్లలో తేలుతూ బతికే చిన్న చిన్న జీవుల మీద పని చేస్తుంటాను కాబట్టి నాలుగు ముక్కలు.

వెలిగేది నీళ్లు కాదు, నీళ్లలో ఉన్న ఒంటికణం జీవులు. ఆ మూడు చోట్లా ఉండేది ప్రధానంగా పైరోడినియం బహమెన్స్ అనే జాతి. పగలంతా మొక్కలాగా ఎండ తాగుతుంది. రాత్రి దేనికైనా తగిలి కదిలితే లోపల లూసిఫెరిన్ అనే పదార్థం లూసిఫెరేజ్ అనే ఎంజైముతో కలిసి సెకనులో పదోవంతు సేపు మెరుపు పుడుతుంది. తనను తినడానికొచ్చిన జీవిని బెదరగొట్టడానికి పడే పాటు అది. మీ నాన్నగారి కాళ్ల దగ్గర జరిగింది ముచ్చట కాదండీ, లక్షల కణాల కంగారు.

ఇవి సముద్రమంతటా ఇంత చిక్కగా ఉండవు. మొగ ఇరుకుగా ఉండి లోపలి నీరు తొందరగా బయటికి పోకూడదు, ఒడ్డున మడ చెట్లుండి రాలిన ఆకులు కుళ్లి పోషకాలు అందాలి, లోతు తక్కువుండాలి. ఇన్ని కుదిరిన చోటు చిన్న గిన్నె లాంటిది. అందులోకి ప్రతి రాత్రీ జనం సన్‌స్క్రీనూ, దోమల మందూ పూసుకుని దిగితే ఆ రసాయనాలెక్కడికి పోతాయి? మస్కిటో బేలో 2007లో ఈత ఆపేసింది ఇందుకే. ప్రపంచంలోకెల్లా ఎక్కువ వెలిగేదని గిన్నిస్ రికార్డున్నది దానికి. మూడిట్లో మసకబారింది పార్గెరా. మీరే ఆలోచించండి.

వైజాగ్ వెటకారం

ఆ లెక్కన పార్గెరా మసకబారడానికి కారణం కోనసీమ పంచె అన్నమాట 😀

సార్, నేనూ వెళ్లాను పార్గెరా. ఒడ్డు పొడుగునా నీళ్ల మీద గుంజలు పాతి కట్టిన ఇళ్లున్నాయి. బల్బులు, బోట్లు, మోటార్లు. వాటినేమీ అనకుండా కాళ్లు పెట్టిన పెద్దాయన మీద పడతారేంటి?

ఇంకోటి. ఫహార్దో మడుగు 2013 నవంబరులో వారం పైనే చీకటైపోయింది. పక్కన మురుగునీటి పైపుల పనులు, దానికోసం కొట్టేసిన మడ చెట్లు, వానలు, గాలి మళ్లడం, అన్నిటినీ అనుమానించారు. 2017 సెప్టెంబరులో మరియా తుపాను కొట్టాక మస్కిటో బే నెలల తరబడి వెలగలేదు. రెండు చోట్లా అప్పటికే ఈత నిషేధం ఉంది. మరి ఆర్పిందెవరు?

మడచెట్టు

తుపానుకి ఎలాగూ ఇల్లు కూలుతుందని చెదపురుగుల్ని వదిలేస్తామా? తుపాను మన చేతిలో లేదు. ఒంటికి పూసుకున్నది మన చేతిలో ఉంది. అన్నట్టు మరియా తర్వాత మస్కిటో బే 2018లో మళ్లీ వెలిగింది. మడుగుకి కాస్త ఊపిరి దొరికితే కోలుకుంటుంది.

గుంజల ఇళ్ల సంగతిలో మాత్రం మీతో ఏకీభవిస్తాను.

కాకినాడ కామాక్షి, అట్లాంటా

నేను "ముట్టుకోవద్దు" పార్టీలోనే వెళ్లాను, ఫహార్దోకి, కయాక్‌లో. ఆ పార్టీ పవిత్రత గురించి కాస్త చెప్పనివ్వండి.

లగూనా గ్రాండేకి వెళ్లాలంటే మడ అడవి మధ్య పాయలో మైలు పైనే తెడ్డేయాలి. మా కోరింగలో పగటిపూట బోటెక్కితే ఎలా ఉంటుందో అలాంటి దారే, కాకపోతే కటిక చీకటి. ముందు కయాక్ వెనక చిన్న లైటు ఒక్కటే గుర్తు. మా వారికి తెడ్డు కొత్త. ఎడమకి తిప్పమంటే కుడికి తిప్పి, మూడుసార్లు మడ వేళ్లలోకి దూర్చారు. వేరు విరిగిన చప్పుడు నాకు వినబడింది. మాకెదురుగా తిరిగొస్తున్న గుంపు, వెనకాల ఇంకో గుంపు. ఎవరి పిల్లాడో భయపడి ఏడుపు. అందరూ అటూ ఇటూ వేళ్లకి గుద్దుకుంటూనే వెళ్లాం. లోపలికెళ్లాక గైడు మా కయాక్ మీద నల్ల టార్పాలిన్ కప్పించి, కింద తలపెట్టి చూడమన్నాడు. తెడ్డు తగిలితే చాలు వెలుగు. చేపొకటి కింద నుంచి దూసుకుపోతే తారాజువ్వ వెళ్లినట్టే ఉంది. చెయ్యి ముంచొద్దన్నాడు. ఆ టార్పాలిన్ కింద చెయ్యి ముంచనిది ఎవరో చెప్పండి! నేనూ ముంచాను.

కాబట్టి కయాక్ వాళ్లు మోటారు పడవ వాళ్లని చూసి ముక్కు చిట్లించేంత గొప్పేమీ లేదు. తెడ్డేయడం రానివాళ్లని అంతమందిని ఒకేసారి ఆ పాయలోకి వదలడం కూడా పాపమే.

హన్మకొండ పోరడు

కామాక్షక్కా, మా బ్యాచ్ గూడ గట్లనే గుద్దుకుంట పోయింది. ఫొటోల మస్తు నీలంగ చూపెడతరు, అక్కడికి పోతే బూడిద రంగు మెరుపు. నా కంటికి సగం గూడ కనవడలే. పైసలు దండగ అనిపించింది.

మడచెట్టు

ఆ ఫొటోలు షట్టరు చాలాసేపు తెరిచి తీసినవి. కన్ను అలా చూడదు. పైగా చీకటికి కళ్లు అలవాటు పడడానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్కసారి ఫోను తీస్తే మళ్లీ మొదటికే. వెన్నెల రోజుల్లో వెళ్లారేమో చూసుకోండి.

హన్మకొండ పోరడు

పున్నమికి రెండు రోజుల ముందు పోయినం. టికెట్ అమ్మినోడు ఆ ముచ్చట చెప్పనే లేదు 🙂

ఓర్లాండో అత్తయ్య

"వెలుగుతోందంటే నీళ్లు పరిశుభ్రం" అనే నమ్మకం కూడా ఈ చర్చలో దాక్కుని ఉంది, దాన్ని కాస్త బయటికి లాగుతాను. మా ఇంటికి గంట దూరంలో టైటస్‌విల్ ఉంది. అక్కడ ఇండియన్ రివర్ లగూన్‌లో వేసవిలో ఇదే పైరోడినియం వెలుగుతుంది. జనం కయాక్‌ల మీద వెళ్లి చూసొస్తారు. 2002లో అక్కడ పట్టిన పఫర్ చేపలు తిన్నవాళ్లకి విషమెక్కింది. ఆ విషం పేరు శాక్సిటాక్సిన్, తయారు చేసింది ఈ జీవే. ఎరువుల నీరూ, మురుగూ కలిసి లగూన్ పాడవుతున్న కాలంలోనే అది వెలుగుతూనే ఉంది. చెన్నై ఈసీఆర్ బీచ్‌లో 2019 ఆగస్టులో అలలు నీలంగా వెలిగితే ఊరంతా పరుగెత్తింది. అది నాక్టిల్యూకా అనే వేరే జీవి. అదొచ్చిందని సముద్రం బాగున్నట్టు కాదు.

కాబట్టి వెలుగు తగ్గిందా పెరిగిందా అన్నదాన్నిబట్టే ఈతగాళ్లకి శిక్ష వేయడం నాకు నచ్చదు.

ఉప్పాడ పిల్ల

మీరంతా దీన్ని టికెట్టు పెట్టి చూసే వింతలా మాట్లాడుతుంటే నవ్వొస్తోంది. మా తాత అమావాస్య రాత్రుల్లో వేటకెళ్లినప్పుడు నీళ్లలో మెరుపు చూసే చేప గుంపు ఎటు పోతోందో చెప్పేవాడు. వల లాగితే తాడంతా వెలిగేదట. ఎవరూ "ముట్టుకోకు" అనలేదు. సముద్రంలో బతికేవాళ్లకి ముట్టుకోకుండా ఎలా కుదురుతుంది? అలాగని తాత దోమల మందు పూసుకుని దిగలేదు, రాత్రికి రెండొందల మందిని వెంట తీసుకెళ్లనూ లేదు.

కేరళలో కుంబళంగి దగ్గర ఈ వెలుగుని "కవరు" అంటారు. ఇప్పుడు అక్కడా ఇదే గోల. బళ్లు, హెడ్‌లైట్లు, వెలుగు కోసం నీళ్లలోకి రాళ్లు విసరడం. చూడ్డానికొచ్చేవాళ్లు పెరిగాక పాత అలవాట్లు చెల్లవు. అందుకే నా ఓటు నిషేధానికే. మా తాత పేరు చెప్పి టూరిస్టుకి మినహాయింపు ఇవ్వను.

కోనసీమ కుర్రోడు, న్యూజెర్సీ

ఒక్కటి ఒప్పుకుంటా. మేం దూకడం అనవసరం. ఆ రోజు పొద్దున బీచ్‌లో పూసుకున్న సన్‌స్క్రీన్ కడుక్కోకుండానే దూకాం, నిజం. పడవాయన అడగలేదు, మేం చెప్పలేదు.

కానీ నాన్నగారి విషయంలో వెనక్కి తగ్గను. ఆయనకి ఒక కంట్లో శుక్లం ముదిరింది, ఇంకా ఆపరేషన్ కాలేదు. పడవలోంచి తొంగి చూస్తే ఆయనకేమీ కనబడలేదు. "ఏదిరా, ఎక్కడరా" అంటూనే ఉన్నారు. కాళ్లు నీళ్లలో పెట్టి, చెయ్యి కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాకే కనబడింది. మీ రూలు ప్రకారం ఆయన చీకట్లో కూర్చుని మా మాటలు విని రావాలి. అంతేనా?

వైజాగ్ వెటకారం

మడచెట్టు గారూ, దీనికి జవాబు చెప్పండి.

మడచెట్టు

చెప్తాను. ఇక్కడ రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. పడవ కావాలా వద్దా అన్నది ఒకటి. పెద్దవాళ్లకి, చంటిపిల్లల తల్లులకి, తెడ్డు వేయలేనివాళ్లకి పడవ కావాల్సిందే. ఫహార్దోలో బ్యాటరీతో నడిచే పడవలున్నాయి. పొగ లేదు, ఇంధనం కారదు, కయాక్‌ల లాగా వేళ్లకి గుద్దుకోవు. నన్నడిగితే కయాక్ గుంపుల్ని సగం చేసి వీటినే పెంచాలి.

నీళ్లలో దిగడం రెండోది. మీ నాన్నగారి మాటకి నా దగ్గర ఫార్ములా లేదు. బకెట్టుతో కాసిని నీళ్లు పైకి తోడి, కలిపి చూపించి, మళ్లీ జాగ్రత్తగా వదిలితే చాలని నాకనిపిస్తుంది. ఒక బకెట్టు వేరు, ఇరవై మంది దూకడం వేరు.

కాకినాడ కామాక్షి, అట్లాంటా

బకెట్టు ఐడియా బాగుంది గానీ, "నా బకెట్టు ఏదీ" అని మన జనం కొట్టుకుంటారు చూడండి.

ఉప్పాడ పిల్ల

బకెట్టుకి నేనూ ఒప్పుకుంటా. మగ్గు మాత్రం ఒక్కటే.

డాలస్ దంపతులు

చర్చ మధ్యలో దూరినందుకు ఏమీ అనుకోవద్దు. మేం దీపావళికి వియెకెస్ వెళ్దామనుకుంటున్నాం. ఎలాగూ అమావాస్యే కదా, మంచి చీకటి దొరుకుతుందని మావారి తెలివి. కరెక్టేనా?

మడచెట్టు

చీకటి లెక్క కరెక్టే. కానీ అది వానల కాలం, తుపాన్లు కూడా. పెద్ద వాన పడితే వాననీరు కలిసి వెలుగు పడిపోతుంది. డబ్బు తిరిగిస్తారో లేదో ముందే అడగండి. ఆ రాత్రి వియెకెస్‌లోనే ఉండేలా గది చూసుకోండి. టూరు అయ్యేసరికి పెద్ద దీవి మీది సేబా రేవుకి తిరిగెళ్లే ఫెర్రీ ఉండకపోవచ్చు. దోమల మందు బదులు పొడుగు చేతుల చొక్కా వేసుకోండి.

హన్మకొండ పోరడు

కోనసీమన్నా, అంత ముచ్చట చెప్పినవ్, ఒక్క ఫొటో గూడ పెట్టలేదేంది?

కోనసీమ కుర్రోడు, న్యూజెర్సీ

నలభై ఏడు తీశాను తమ్ముడూ. అన్నీ నలుపే. ఒక్కదాంట్లో మాత్రం మూలన తెల్లగా ఏదో ఉంది. అది నాన్నగారి పంచె.