డార్క్‌రూమ్ ప్రింటింగ్ పుస్తకం చూసి నేర్చుకోగలమా?

కొత్తచేయి: పుస్తకం చూసే నలుపు-తెలుపు ఫోటో ప్రింటింగ్ మొదలుపెట్టాను. డెవలపర్‌లో (బొమ్మ తేల్చే రసాయనం) 2 నిమిషాలు ఉంచమని ఉంది. నాకేమో 30 సెకన్లకే నల్లబడిపోతోంది, తీసేస్తున్నాను. బయటికొచ్చి చూస్తే నలుపే లేదు, అంతా బూడిద. పుస్తకాలతో ఈ పని రాదా?

ఎర్రబల్బు: వస్తుంది, రాసింది రాసినట్టు చేస్తే. ప్లాస్టిక్ పూత ఉన్న ఆర్‌సీ కాగితమైతే 20 డిగ్రీల దగ్గర మామూలుగా నిమిషం, ఆ పూత లేని ఫైబర్ కాగితానికి 2 నిమిషాలు. ఏదైనా పూర్తిగా ఉంచాల్సిందే. సేఫ్‌లైట్ (కాగితాన్ని పాడుచేయని డార్క్‌రూమ్ మసక లైటు) కింద ప్రింటు ఉన్నదానికన్నా ముదురుగా కనబడుతుంది. త్వరగా నల్లబడుతుంటే నెగెటివ్‌ను కాగితం మీద పెద్దగా వేసే ఎన్‌లార్జర్ దగ్గర వెలుగు తగ్గించండి, ట్రేలో టైమ్ కాదు.

స్టాప్‌వాచ్: టెస్ట్ స్ట్రిప్ (ఒకే ముక్క మీద మెట్లుమెట్లుగా వేర్వేరు టైమ్‌ల వెలుగు) ఎలా వేస్తున్నారు?

కొత్తచేయి: 5 సెకన్ల మెట్లు, ఆరు.

స్టాప్‌వాచ్: జబ్బు అక్కడే ఉంది. 5 నుంచి 10కి పూర్తి స్టాప్ (వెలుగు రెట్టింపు) తేడా, 25 నుంచి 30కి పావు స్టాపే. అర స్టాప్ మెట్లు వేయండి: 8, 11.3, 16, 22.6, 32. మొత్తం ముక్కకు 8 ఇచ్చి, అట్ట జరుపుతూ 3.3, 4.7, 6.6, 9.4 కలపండి.

ఫైబర్‌పక్షి: సెకనులో పదో వంతా! బల్బు పూర్తి వెలుగుకు రావడానికే అంతకన్నా ఎక్కువ పడుతుంది. వెలిగించిన ప్రతిసారీ కొంత పోతుంది, మీ 32 అసలు 32 కాదు.

స్టాప్‌వాచ్: అందుకే బల్బు ఆర్పకుండా మెట్రోనోమ్ టిక్కులకు అట్ట జరుపుతారు. చదివి ఉంటే తెలిసేది.

నాణెం: సేఫ్‌లైట్ పరీక్ష చేశారా? కాగితానికి ముందే లేత బూడిద వచ్చేంత వెలుగు ఇచ్చి, పైన నాణెం పెట్టి, సేఫ్‌లైట్ కింద 5 నిమిషాలు ఉంచి డెవలప్ చేయండి. గుండ్రం కనబడితే లైటు పనికిరాదు. ఏ వెలుగూ చూడని కాగితంతో చేస్తే చాలాసార్లు పట్టుబడదు.

ఫైబర్‌పక్షి: చదివి ఉంటేనా? ఇక్కడ ఏం అడిగినా "పుస్తకం చూడు" అని మొహాన కొడతారు, నాకూ అదే మర్యాద జరిగింది. పుస్తకంలో బొమ్మంటే అచ్చు సిరా చుక్కలు. వెండి నలుపు లోతు ఆ పేజీలో ఉండదు. ఈయన 30 సెకన్లకే తీసేది నలుపంటే ఏమిటో చూడలేదు కాబట్టే. పక్కన నిలబడి "ఇంకా ఉంచు" అనే మనిషి కావాలి.

ఎర్రబల్బు: మీ గొడవ ఇదా! ఇంతసేపూ బల్బు మీద పడ్డారేం? మనిషి అక్కర్లేదు, అదే పెట్టెలోవి రెండు ముక్కలు చాలు. ఒకటి గది లైటు కింద పెట్టి 3 నిమిషాలు డెవలప్ చేసి ఫిక్సర్‌లో (బొమ్మను నిలిపే రసాయనం) ఫిక్స్ చేయండి: ఆ కాగితం ఇవ్వగల నలుపు అంతే. రెండోది చీకట్లో నేరుగా ఫిక్సర్‌లోకి: కాగితం తెలుపు. ప్రింటు పక్కన పెట్టి చూడండి. తడిది తడిదానితోనే పోల్చాలి, ఫైబర్ ఆరాక ఇంకాస్త ముదురుతుంది.

ఫైబర్‌పక్షి: అవి రెండు చివర్లు. మొహం ఏ బూడిదలో ఉండాలో, మూలనున్న నీడలో వివరం ఉంచాలో నింపేయాలో ఏ ముక్క చెబుతుంది?

ఎర్రబల్బు: అది పక్కన నిలబడ్డవాడూ చెప్పకూడదు. చెబితే ప్రింటు అతనిది.

కొత్తచేయి: రెండు ముక్కలూ చేశాను. నా ప్రింట్లలో ఆ నలుపు ఒక్కచోటా లేదు. పైగా తెల్ల ముక్క పక్కన పెడితే కాగితాన్ని పట్టి ఉంచే ఈజిల్ పట్టీ కింద ఉన్న అంచు కూడా మురికిగా ఉంది.

నాణెం: అంచుకు ఎన్‌లార్జర్ వెలుగే తగలదు కదా, అది ఫాగ్ (రాకూడని చోట పట్టిన బూడిద). ఇంకో ముక్కను సేఫ్‌లైట్ కూడా ఆర్పేసి డెవలప్ చేయండి. అదీ బూడిదైతే కాగితం పాతబడింది, తెల్లగా వస్తే సేఫ్‌లైటే.

స్టాప్‌వాచ్: మెట్లు మార్చారా?