కరిచిన వీధికుక్కకు ప్రాణం తీసే ఇంజెక్షన్ వేయిస్తామంటున్నారు, ఎలా ఆపాలి?

అరండల్‌పేట అమ్మాయి
గుంటూరు, బెజవాడ వాళ్లెవరైనా ఇలాంటిది ఎదుర్కొని ఉంటే చెప్పండి. మా లైనులో ఒక ఎర్ర కుక్క ఉంది, అందరం బంగారి అంటాం. దానికి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కాలేదు. ఖాళీ సైటులో ఇసుక గుట్ట వెనకాల నాలుగు పిల్లల్ని పెట్టింది. మొన్న సాయంత్రం ఎదురింటి మామ్మగారి మనవడు బంతి కోసం అక్కడికి వెళ్తే పిక్క మీద కరిచింది. రెండు పళ్లు బాగా దిగాయి. బాబుకు రేబిస్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు, బాగానే ఉన్నాడు.

మర్నాడు పొద్దున్నే కార్పొరేషన్ బండి వచ్చి కుక్కను పట్టుకెళ్లింది. పిల్లలు మాత్రం ఇక్కడే ఉండిపోయాయి. రాత్రి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో "మాట్లాడేశాం, ఇంజెక్షన్ వేసేస్తారు, ఇక టెన్షన్ లేదు" అని మెసేజ్ వచ్చింది. నిజంగా అంత తేలిగ్గా చంపేస్తారా? మేం నలుగురం ఆన్‌లైన్‌లో సంతకాలు పెట్టిద్దామని అనుకుంటున్నాం. శంకర్ విలాస్ సెంటర్లో ప్లకార్డులు పట్టుకుని నిలబడదామని ఒకరంటున్నారు. ఏది పనికొస్తుంది?

సింగ్‌నగర్ శీను
ముందు కుక్క ఎక్కడుందో కనుక్కోండి. మిగతావన్నీ ఆ తర్వాతే. బండి ఏ రోజు, ఎన్నింటికి వచ్చింది, ఎవరి ఫిర్యాదు మీద వచ్చింది, ఇవి రాసి పెట్టుకోండి. పట్టుకున్న కుక్కను ఎక్కడి నుంచి తెచ్చారో వాళ్లు రికార్డులో రాసుకోవాలి. మీరు వెళ్లి అడిగితే అది ఉన్నట్టో లేనట్టో తేలిపోతుంది. ఫోన్లో అడిగితే "చూసి చెప్తాం" అంటారు, అంతే సంగతులు. మనిషి వెళ్లాలి.

ఇక రూల్ సంగతి. కరిచింది కాబట్టి చంపేస్తాం అనే అధికారం ఎవరికీ లేదు. 2023లో కేంద్రం తెచ్చిన ఏబీసీ (యానిమల్ బర్త్ కంట్రోల్, అంటే జంతువుల సంతాన నియంత్రణ) రూల్స్‌లో రూల్ 15 చూడండి. నయం కాని జబ్బు చేసిన కుక్క, బతకనంతగా గాయపడిన కుక్క, ఈ రెండింటి విషయంలోనే ప్రాణం తీయొచ్చు. అదీ స్థానిక కమిటీ నియమించిన బృందం పరీక్షించి తేల్చాక, అర్హత ఉన్న వెటర్నరీ డాక్టరు చేతుల మీదుగానే. కారణం రాసి సంతకం పెట్టాలి. అపార్ట్‌మెంట్ సెక్రటరీ "మాట్లాడేశాం" అంటే అయిపోయే పని కాదు.

కృష్ణలంక కుర్రాడు
అక్కా, సంతకాలూ గింతకాలూ అంటూ కూర్చోవద్దు. ఫొటో పెట్టి హ్యాష్‌ట్యాగ్ కొట్టండి, పెద్ద పేజీల వాళ్లను ట్యాగ్ చేయండి. రెండు గంటల్లో ఆఫీసులో ఫోన్లు మోగాలి. భయం పుడితేనే పని అవుతుంది.

గుణదల లైబ్రేరియన్
బాబూ, ఫోన్లు మోగితే ఏమవుతుందో చెప్తాను. ఉత్తర ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో లెన్నాక్స్ అనే పెంపుడు కుక్క ఉండేది. ఎవర్నీ కరిచిన దాఖలా లేదు. చూడ్డానికి అక్కడ నిషేధించిన పిట్‌బుల్ జాతి కుక్కలా ఉందని 2010లో అక్కడి నగర కౌన్సిల్ పట్టుకుపోయింది. దాన్ని వదిలేయమని రెండు లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి, ప్రపంచమంతా గోల చేసింది. కేసు ఒక కోర్టు తర్వాత ఒక కోర్టుకు వెళ్లింది. 2012 జులైలో చంపేశారు. అక్కడి చట్టం ఆ కుక్కకు వ్యతిరేకంగా ఉంది, సంతకాలు దాన్ని మార్చలేకపోయాయి.

మన దగ్గర పరిస్థితి తిరగేసి ఉంది. చట్టం కుక్క వైపే ఉంది, అమలు చేయించే మనిషి ఉండడు. కాబట్టి ఇక్కడ పదివేల మంది లైకుల కన్నా ఆఫీసులో అందినట్టు ఇన్‌వార్డు స్టాంపు పడ్డ ఒక్క అర్జీకి బలం ఎక్కువ.

భవానీపురం బాబీ
ఫొటో విషయంలో నాదో మాట. మా దగ్గర ఒక బ్యాచ్ ఇలాగే చేశారు. కుక్క ఫొటో, వీధి పేరు, పక్కనున్న టిఫిన్ బండితో సహా పెట్టారు. పోస్టు బాగానే తిరిగింది, కుక్క కూడా విడుదలైంది. ఆ తర్వాత ఎవరో పెరుగన్నంలో మందు కలిపి పెట్టారు. దాంతోపాటు ఇంకో రెండు కుక్కలు పోయాయి. కేసు పెట్టొచ్చు, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 325 కింద జంతువును విషం పెట్టి చంపితే ఐదేళ్ల దాకా జైలు. కానీ ఎవరు పెట్టారని రాస్తారు? సాక్ష్యం ఏది? లైను నంబరు మాత్రం ఎక్కడా పెట్టకండి.

పటమట నాన్న
అందరూ ఒక్క వైపే మాట్లాడుతున్నారు కాబట్టి రెండో వైపు నేను రాస్తాను. మా అమ్మాయిని కుక్క కరిచింది. ట్యూషన్ నుంచి వస్తుంటే, చెయ్యి మీద. ఇప్పటికీ మొరుగు వినబడితే నా చొక్కా పట్టుకుంటుంది. గుంటూరులోనే 2025లో ఒక పసివాడు కుక్క దాడిలో ప్రాణం పోగొట్టుకున్నాడు, అది మర్చిపోయారా? ఈ పోస్టులో కుక్కకు పేరుంది, బాబుకు పేరు లేదు. ఆ ఇంటికి వెళ్లి ఎలా ఉన్నాడని ఎవరైనా అడిగారా, లేక ప్లకార్డులు రాయడంలో ఉన్నారా?

అరండల్‌పేట అమ్మాయి
అన్నా, చిన్నపిల్లాడి పేరు ఇక్కడ రాయకూడదని రాయలేదు. కరిచిన వెంటనే కుళాయి కింద కాలు పెట్టి సబ్బుతో కడిగింది మా అమ్మే. కానీ మీరన్నది నిజం, కుక్కను పట్టుకెళ్లాక ఆ గుమ్మం తొక్కలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్లాలో తెలీలేదు.

తెనాలి వెట్
గన్నవరం వెటర్నరీ కాలేజీలో చదువుకున్నాను, ఇప్పుడు తెనాలి దగ్గర ప్రాక్టీసు. ఈ చర్చలో ఇంకా ఎవరూ అనని మాట ఒకటుంది. ఆ కుక్క బతికుండటం ఆ బాబుకే అవసరం.

రేబిస్ ఉన్న కుక్క లాలాజలంలో వైరస్ బయటపడుతోందంటే అది ఎక్కువ రోజులు బతకదు. అందుకే కరిచిన కుక్కను పది రోజులు గమనిస్తాం. పదో రోజు దాటాక కూడా మామూలుగా తింటూ తిరుగుతూ ఉంటే, కరిచిన నాటికి దానివల్ల రేబిస్ సోకే పరిస్థితి లేదని అర్థం. మూడో రోజునే చంపేస్తే ఆ ధైర్యం ఎవరిస్తారు? ఆ కుటుంబం నెలల తరబడి భయంతో బతకాలి. పిచ్చి పట్టిందన్న అనుమానం ఉన్నా సరే, రూల్ 16 ప్రకారం విడిగా ఉంచి దానంతట అది పోయేదాకా చూడాలే తప్ప చంపమని లేదు.

దీన్ని సాకుగా పెట్టుకుని బాబు ఇంజెక్షన్లు మాత్రం ఆపొద్దు. సర్కారు ఆసుపత్రుల్లో చర్మానికి వేసే పద్ధతిలో మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకు వేస్తారు. గాయం లోతుగా ఉంటే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే మందు) కూడా వేయాలి, వేశారో లేదో మామ్మగారిని అడగండి. ఏది ఆపాలన్నా డాక్టరు చెప్పాలి.

ఇంకొకటి. పిల్లలకు కళ్లు తెరుచుకున్నాయా? తెరుచుకోకపోతే రెండు వారాల లోపువే. ఆవుపాలు పోయకండి, విరేచనాలు పట్టుకుంటాయి. కుక్కపిల్లలకని పాలపొడి మందుల షాపుల్లో దొరుకుతుంది. తల్లి దగ్గర పాలు గడ్డకట్టి పొదుగు వాచే ప్రమాదం కూడా ఉంది, కాబట్టి పిల్లల్ని తల్లి దగ్గరికి చేర్చమని అర్జీలో తప్పకుండా అడగండి. పిల్లలతో ఉన్న చోటు ఫొటో తీసి జత చేయండి. ఈనిన కుక్క పిల్లల దగ్గరికి వచ్చిన వాళ్లను కరవడం వేరు, దారిన పోయే వాళ్లను తరిమి కరవడం వేరు. ఆ తేడా కాగితం మీద కనబడాలి.

సింగ్‌నగర్ శీను
డాక్టరు గారు చెప్పిన ఆ చివరి తేడా చాలా ముఖ్యం. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆర్డరులో ఆపరేషన్, టీకా అయ్యాక కుక్కల్ని తెచ్చిన చోటే వదలమంది, కానీ రేబిస్ ఉన్నవాటిని, దూకుడుగా ఉన్నవాటిని వదలొద్దంది. నవంబర్ 7న ఇచ్చిన ఆర్డరులో బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి తీసిన కుక్కల్ని మళ్లీ అక్కడ వదలకుండా షెల్టరుకు పంపమంది. రెండింట్లోనూ చంపమని లేదు. కానీ బంగారి మీద "దూకుడు కుక్క" అని ముద్ర పడితే అది మీ లైనుకు తిరిగి రావడం కష్టం.

అందుకని "మా కుక్కను మాకు ఇవ్వండి" అని వాదించకండి. దానికి ఇంకో చోటు చూపించండి. ఊరి బయట ఎవరికైనా ప్రహరీ ఉన్న స్థలం, మామిడి తోట ఏదైనా ఉందేమో అడగండి. ఇలాంటి గొడవల్లో చాలావాటికి అక్కడే తాళం పడుతుంది. ఆఫీసరుకు కావాల్సింది ఫైలు మూసే దారి.

కృష్ణలంక కుర్రాడు
అంటే ఓడిపోయినట్టేగా? కరిచినందుకు ఊరు వెళ్లగొట్టినట్టు.

తెనాలి వెట్
బతికి ఊరు మారితే ఓటమి ఎలా అవుతుంది తమ్ముడూ?

ప్రచారాల గురించే ఇంకో మాట, నచ్చకపోయినా వినండి. కొన్నిసార్లు ఇంజెక్షనే దయ. డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు ముదిరి రోజంతా మూర్ఛలతో కొట్టుకుంటున్న కుక్కను కాపాడండంటూ వీడియోలు పెడతారు, నాలుగు రోజులు సెలైన్ ఎక్కిస్తారు, చివరికి అది నరకం చూసి పోతుంది. దీనికి పూర్తి విరుద్ధంగా ఇంకోటి జరుగుతుంది. మర్మాంగం దగ్గర కాలీఫ్లవర్‌లా కండ పెరిగి రక్తం కారుతుంటే "క్యాన్సర్, ఇక లాభం లేదు, చంపేద్దాం" అంటారు. అది వీధికుక్కల్లో తరచూ కనబడే, ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకునే కణితి. వారానికోసారి విన్‌క్రిస్టిన్ అనే మందు వేస్తే కొన్ని వారాల్లో ఎక్కువ శాతం తగ్గిపోతుంది. ఏ కుక్క కోసం పోరాడాలో తేల్చేది పరీక్ష, వీడియో కాదు. డాక్టరు రాసిన రిపోర్టు లేకుండా ప్రచారం మొదలుపెట్టకండి.

బ్రోడీపేట పద్మ
డబ్బుల సంగతి కూడా చెప్పుకోవాలి. ఒకరి సొంత నంబరు మీద క్యూఆర్ కోడ్ పెట్టి చందాలు వసూలు చేస్తే రెండో వారానికి కుక్కను వదిలేసి లెక్కల మీద కొట్టుకుంటారు. నేను ఉన్న గ్రూపు అలాగే చీలిపోయింది, ఇప్పటికీ ఎదురుపడితే మొహం తిప్పుకుంటారు. అవసరమైతే బిల్లు నేరుగా క్లినిక్‌కు కట్టమనండి, రసీదు గ్రూపులో పెట్టండి. కుక్కల ప్రేమికులంతా మంచివాళ్లే అనుకోకండి. :)

గుణదల లైబ్రేరియన్
అర్జీ నమూనా ఎవరూ ఇవ్వలేదు కాబట్టి నేను రాస్తున్నాను, మార్చుకోండి.

"నగరపాలక సంస్థ కమిషనర్ గారికి. ఫలానా తేదీ ఉదయం అరండల్‌పేట ఫలానా లైనులో మీ సిబ్బంది పట్టుకున్న ఎర్ర రంగు ఆడకుక్క పాలిచ్చే తల్లి. దాని నాలుగు పిల్లలు ఖాళీ స్థలంలో ఉన్నవి. పిల్లల వద్దకు వెళ్లిన బాలుడిని కరిచినది. బాలుడి ఆరోగ్య భద్రత దృష్ట్యా కుక్కను పది రోజులు పరిశీలనలో ఉంచి, వెటర్నరీ డాక్టరు నివేదిక కాపీని బాలుడి కుటుంబానికి, మాకు ఇప్పించగలరు. 2023 ఏబీసీ నియమాలలోని 15వ నియమం ప్రకారం నిర్ధారణ లేకుండా ప్రాణం తీయవద్దని, పిల్లలను తల్లి వద్దకు చేర్చవలసిందని, పరిశీలన అనంతరం ఆపరేషన్, టీకా చేయించి మేము చూపిన స్థలానికి అప్పగించవలసిందని కోరుతున్నాము."

రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. సోమవారం కలెక్టరేట్లో అర్జీల రోజున ఇంకో కాపీ ఇవ్వండి. ఆర్టీఐ వేయమని ఎవరైనా సలహా ఇస్తే, జవాబుకు గడువు 30 రోజులు, ఈ పనికి అక్కరకు రాదు.

అరండల్‌పేట అమ్మాయి
కబురు. అమ్మా నేనూ మామ్మగారి ఇంటికి వెళ్లాం. మొదట గుమ్మంలోనే నిలబెట్టారు. పది రోజుల సంగతి చెప్పాక బాబు వాళ్ల నాన్న కుర్చీ వేశారు. "చంపేస్తే మావాడికి సేఫ్ అనే అందరూ అన్నారు, ఈ మాట ఎవరూ చెప్పలేదే" అన్నారు. ఇమ్యునోగ్లోబులిన్ వేశారట, చీటీ చూపించారు. అర్జీ మీద మొదటి సంతకం ఆయనదే. సంతకం పెడుతూ "అది మళ్లీ ఈ సైటులో కనబడకూడదు" అని గట్టిగా చెప్పారు, ఒప్పుకున్నాం.

ఆఫీసులో కాపీ మీద స్టాంపు పడింది. కౌంటర్లో ఆయన మొదట "కుక్కల మీద కూడా అర్జీలా" అని నవ్వారు, బాబు తండ్రి సంతకం, ఫోన్ నంబరు చూశాక మాత్రం లోపలికి పంపించారు. బంగారి బతికే ఉంది, తింటోంది. డాక్టరు చూశాకే ఏదైనా అన్నారు. పిల్లల్ని ఇవాళే తీసుకెళ్లి దాని దగ్గర వదిలాం. మూడే దొరికాయి, నాలుగోది కనబడలేదు. ప్లకార్డులు మానుకున్నాం. ఇక స్థలం కావాలి.

పటమట నాన్న
బాబు తండ్రి సంతకం పెట్టారంటే మంచిదే. నా అభిప్రాయం మారలేదు, అసలు ఆపరేషన్లు టైముకు చేసి ఉంటే అది ఈనేదే కాదు, ఈ గొడవే ఉండేది కాదు. మీరు కూడగట్టిన జనంతో దాని మీద కూడా ఒక అర్జీ పెట్టించండి, నేనూ సంతకం పెడతాను.

బ్రోడీపేట పద్మ
ఆయన చెప్పింది రెండో కాగితంగా పెడదాం. లైనులో ఇంకా ఎన్ని కుక్కలకు ఆపరేషన్ అయినట్టు చూపే చెవి గుర్తు లేదో లెక్క రాయండి. అన్నం పెట్టే చోటు కూడా పిల్లలు ఆడుకునే దగ్గర, మెట్ల దగ్గర కాకుండా రూల్ 20 ప్రకారం వేరేగా చూపించమని అందులోనే అడగొచ్చు.

భవానీపురం బాబీ
స్థలం గురించి. మా బావగారికి మంగళగిరి దగ్గర తోట ఉంది, చుట్టూ కంచె, కాపలా మనిషి ఉంటాడు, ఇప్పటికే ఒక ముసలి కుక్క ఉంది. తల్లినీ మూడు పిల్లల్నీ ఉంచుకోవడానికి ఒప్పుకున్నాడు, ఆపరేషన్ అయ్యాకే తేవాలని షరతు పెట్టాడు. బోను నా దగ్గరుంది, ఆటో మాట్లాడాలి. డాక్టరు రిపోర్టు చేతికి రాగానే మెసేజ్ పెట్టండి. నాలుగో పిల్ల కోసం రాత్రి పూట ఒకసారి వెతకండి, ఇసుక గుట్ట పక్కన పైపులేమైనా ఉంటే లోపల టార్చి వేసి చూడండి.