ఇంట్లో ఇద్దరూ అమ్మలే అయితే: పెంచినవాళ్లు, పెరిగినవాళ్లు చెప్పండి

వెన్నెల: నేనూ నా భాగస్వామీ ఇద్దరం ఆడవాళ్లమే. మా బాబుకి ఐదేళ్లు. నన్ను అమ్మ అనీ, తనని మమ్మీ అనీ పిలుస్తాడు. పోయిన వారం పట్టుబట్టి గోళ్లకు రంగు వేయించుకున్నాడు. చూడటానికొచ్చిన మా అక్క, "ఇంట్లో మగదిక్కు లేకపోతే వీడు మగపిల్లాడిలా ఎలా పెరుగుతాడే?" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇలాంటి ఇళ్ల గురించి తెలిసినవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

గాలిపటం: అక్కా, నన్ను ఇద్దరు నాన్నలు పెంచారు. ఇప్పుడు నాకు ఇరవై ఏడు. నేను ఆడపిల్లనని ఎవరూ నేర్పలేదు, ఎప్పుడూ అనుమానమూ రాలేదు. అందరూ అడిగేది పీరియడ్స్ గురించి. అవి మొదలవడానికి ఏడాది ముందే డాడీ ప్యాడ్లు తెచ్చి అల్మారాలో పెట్టి, ఎలా వాడాలో చెప్పారు. సిగ్గుతో చచ్చిపోయాను, నిజమే. కానీ నా స్నేహితురాలికి వాళ్లమ్మ ముందుగా ఒక్క మాటా చెప్పలేదు. ఆ పిల్ల భయపడి బాత్రూమ్‌లో ఏడుస్తుంటే ధైర్యం చెప్పింది నేనే.

నన్ను బాధపెట్టింది వేరే సంగతి. ఏడో తరగతిలో కొందరు "మీ ఇద్దరు నాన్నల్లో అమ్మ ఎవరే?" అని రోజూ నవ్వేవాళ్లు. రెండేళ్లు ఎవర్నీ ఇంటికి పిలవలేదు. నాన్నవాళ్లు బాధపడతారని ఇంట్లోనూ చెప్పలేదు. బడి అంటే కడుపునొప్పి వచ్చేది. మీవాడి గోళ్ల రంగు వదిలేయండి అక్కా, వాడు మనసులో ఏమైనా దాచుకుంటున్నాడేమో అది చూడండి.

నీలిపెన్ను: వెన్నెల గారూ, నేను పిల్లల మనస్తత్వం చదువుకున్నాను. మీ అక్కగారి అనుమానం పాతదే. సుసాన్ గొలంబోక్ అనే మనస్తత్వ పరిశోధకురాలి బృందం 1983లో బ్రిటన్‌లో లెస్బియన్ తల్లుల పిల్లలు 37 మందిని, ఒంటరి తల్లుల పిల్లలు 38 మందిని పోల్చి చూసింది. తాను ఆడో మగో తెలియడంలో గానీ, ఆటల్లో గానీ ఈ రెండు గుంపుల మధ్య తేడా కనిపించలేదు. అమెరికాలో 1986లో మొదలైన అధ్యయనమైతే లెస్బియన్ తల్లుల పిల్లల్ని పుట్టకముందు నుంచీ గమనిస్తూ వచ్చింది. వాళ్లకు పాతికేళ్లు వచ్చాక, 2018లో ఫలితాలు వెలువడ్డాయి. మానసిక ఆరోగ్యంలో తోటివాళ్లకంటే వెనకబడిందేమీ లేదు. ఇవి చిన్న గుంపులు, పైగా ఇష్టపడి చేరిన కుటుంబాలు, అది ఒప్పుకోవాలి. అయితే తర్వాత నెదర్లాండ్స్‌లో ప్రభుత్వ రికార్డులతోనే చూశారు. 2020లో వచ్చిన ఆ ఫలితాల్లో పుట్టినప్పటి నుంచీ స్వలింగ జంటల దగ్గర పెరిగిన పిల్లలు చదువులో మిగతా పిల్లలకంటే ముందున్నారు. ఆ తల్లిదండ్రులకు సగటున డబ్బూ ఎక్కువే, అదీ ఒక కారణం.

2012లో అమెరికాలో వచ్చిన ఒక పరిశోధన మాత్రం ఇలాంటి ఇళ్ల పిల్లలకు నష్టం ఉందని చెప్పింది. మీకు దాన్ని ఎవరైనా చూపించవచ్చు. అందులో లెక్కపెట్టిన వాళ్లలో చాలామంది స్వలింగ జంట దగ్గర ఎక్కువ కాలం పెరిగినవాళ్లే కాదు, విడిపోయిన కాపురాల పిల్లలు. గాలిపటం చెప్పిన ఎగతాళి సంగతి మాత్రం నిజం. ఆస్ట్రేలియాలో ఇలాంటి ఇళ్ల పిల్లలు 500 మంది మీద 2014లో వచ్చిన అధ్యయనంలోనూ చిన్నచూపు ఎదురైన చోటే ఆరోగ్యం తగ్గింది.

చినుకు: మాది అమ్మా నాన్నా ఉన్న ఇల్లే. మా పెద్దమ్మాయి ట్రాన్స్. పుట్టినప్పుడు అబ్బాయి అనుకున్నాం. మా పెంపకంలో లోపమని చుట్టాలంతా నన్నే తప్పుపట్టారు. అందుకే చెబుతున్నా, అలాంటి పిల్లలు ఏ ఇంట్లోనైనా పుడతారు. రేపు మీ బాబు తన గురించి ఏం చెప్పినా అది మీ ఇద్దరి తప్పు కాదు, వాడి తప్పూ కాదు. అంతకంటే ముందు, గోళ్ల రంగు అంటే గోళ్ల రంగే, తల్లీ.

పలక: టీచర్‌ని. మా దరఖాస్తులో "తండ్రి పేరు" అన్న గడి దగ్గర ఒక పాప బిక్కమొహం వేసుకుని నిలబడింది. దాన్ని తీసేసి "ఇంటి పెద్దలు" అని రాయించాం. మీ ఇంటి సంగతి టీచర్‌కి ముందే చెప్పి ఉంచండి. ఎవరైనా ఏడిపిస్తే ఆపడం మాకు తేలికవుతుంది.

వెన్నెల: గాలిపటం మాట పట్టుకుని నిన్న రాత్రి వాణ్ణి అడిగాను, బడిలో ఎవరైనా ఏమైనా అంటున్నారా అని. దుప్పట్లోంచి రెండు వేళ్లు చూపించాడు. ఇద్దరట, చాలా రోజుల నుంచి. సోమవారం నేనూ తనూ కలిసి టీచర్ దగ్గరికి వెళ్తున్నాం.