కత్తిరించిచ్చిన స్ట్రిప్‌పై బ్యాచ్ నంబర్ లేదు, డాక్సీసైక్లిన్ ఆపాలా?

నమస్కారం. మా నాన్నగారిని పిడుదు కుట్టింది. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలిపెట్టకుండా తిన్నగా లాగేశాం. తర్వాత జ్వరం, దద్దుర్లు రావడంతో డాక్టర్ డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు రాశారు. జ్వరం తగ్గుతోంది.

ఇప్పుడు టెన్షన్ ఏమిటంటే, అదే కంపెనీ మాత్రల్లో కొన్ని బ్యాచ్‌లను వెనక్కి తీసుకుంటున్నారట. మాకిచ్చింది కత్తిరించిన స్ట్రిప్. బ్యాచ్ నంబర్, గడువు తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోయింది. చేతి బిల్లులో మందు పేరు తప్ప ఏమీ లేదు. (ఇలా కత్తిరించి అమ్మితే రీకాల్ ప్రకటన ఎవరికి ఉపయోగం?)

2018లో వల్సార్టాన్ బీపీ మాత్రల రీకాల్ అప్పుడు, బదులు మందు దొరికేదాకా సొంతంగా ఆపొద్దన్నారు. యాంటీబయాటిక్‌కీ అదే వర్తిస్తుందా? డాక్టర్ రేపు గానీ దొరకరు. ఈ రాత్రి డోసు వేయాలా, లేక షాపతనిని వేరే కంపెనీ స్ట్రిప్ అడగాలా? షాపు కొనుగోలు రికార్డుల్లో బ్యాచ్ నంబర్ దొరుకుతుందా?

ఇంకొకటి, ఆయన ఐరన్ మాత్ర కూడా వేసుకుంటారు. అది డాక్సీసైక్లిన్‌ను ఒంటబట్టనివ్వదని విన్నాను. రెండింటికీ మధ్య ఎంత వ్యవధి ఉంచాలి? ఫార్మసిస్టులెవరైనా ఉంటే దయచేసి చెప్పండి.