ట్రయల్‌లో బురద ఉంటే పక్కనుంచి నడిస్తే తప్పా?

నడకపిచ్చి:
వాన వెలిసిన మర్నాడు ట్రెక్‌కి వెళ్తే దారంతా బురద. అందరూ పక్కన గడ్డి మీదుగా పోతున్నారు, నేనూ అలాగే వెళ్లా. వెనకాల ఒకాయన "మధ్యలోంచి నడవండి" అని కసిరాడు. ఇదెక్కడి రూలు? ఇంకోటి, రోజుకి ఇంతమందికే పర్మిట్ అని పెడితే నిజంగా అడవికి లాభమా, మనల్ని ఏడిపించడానికా?

మలుపుదారి:
ఆయన అన్నది కరెక్టే. తొక్కితే గడ్డి చచ్చి అదీ బురదవుతుంది. తర్వాత వచ్చేవాళ్లు ఇంకాస్త పక్కకి జరుగుతారు. ఒక్క మనిషి పట్టే కాలిబాట ఎడ్లబండి బాటంత అయ్యేది ఇలాగే.

బూట్లబాబు:
బాగుంది, చీలమండ దాకా దిగబడమంటారా? బూట్లు మీరు కొనిపెడతారా? నాలుగు గడ్డిపరకల కోసం కాలు బెణికించుకోలేను.

పలుగూపారా:
ఇక్కడ ట్రయల్ రిపేరు చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? నేను వాలంటీర్‌గా ఏళ్ల తరబడి చేస్తున్నా, అందుకే చెప్తున్నా. జనం తొక్కిన మట్టి గట్టిపడిపోతుంది, పలుగు కూడా దిగదు. ఇంకని నీరు దారినే కాలవ చేసుకుంటుంది. పైమట్టి పోయి వేర్లు తేలతాయి. నీటిని పక్కకి మళ్లించడానికి మేం దారికి అడ్డంగా, కాస్త ఏటవాలుగా దుంగ పాతుతాం. దాన్ని దాటకుండా చుట్టూ తిరిగిపోతారు మహానుభావులు. దుంగ చివర ఇంకో కాలవ తయారు!

బూట్లబాబు:
అంటే తప్పు దారి వేసినవాళ్లదే కదా. సరిగ్గా వేస్తే నీరెందుకు నిలుస్తుంది?

పలుగూపారా:
నీటి జోరు తగ్గాలనే వాలులో మలుపులు పెడతారు. పది అడుగులు కలిసొస్తాయని మలుపుల మధ్య అడ్డంగా దిగేది ఎవరు మరి?

బూట్లబాబు:
నేను దిగానని మీకు చెప్పానా? మాటలు జాగ్రత్త.

చెట్టుకింద:
బురద గొడవ ఆపండి. "మట్టిలో కలిసిపోతుందిలే" అని నారింజ తొక్కలు విసిరేవాళ్లను చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది. చలి ప్రదేశాల్లో నెలల తరబడి అలాగే పడుంటాయి. కోతులు, ఉడతలు మనిషి తిండికి మరిగేది కూడా వీటివల్లే.

కౌరీఫ్యాన్:
బూట్ల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. న్యూజిలాండ్‌లో కౌరీ చెట్లున్న అడవిలోకి వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ బూట్లు బ్రష్‌తో రుద్ది, వాటిమీద క్రిమిసంహారక మందు స్ప్రే చేసుకోవాలి. అరికాలికి అంటిన కాస్త మట్టితోనే ఫైటాఫ్తొరా అనే సూక్ష్మజీవి ఇంకో చోటికి పోయి, వేర్లు కుళ్లబెట్టి అంత పెద్ద చెట్టునీ చంపేస్తుంది. నయం చేసే మందు లేదు. కొన్ని ట్రయల్స్ మూసేశారు కూడా.

బూట్లబాబు:
చూశారా! బురద తొక్కకపోవడమే మంచిదని మీవాళ్లే చెప్తున్నారు.

మలుపుదారి:
భలేవారండీ మీరు! అక్కడ వేర్లు తొక్కకుండా చెక్కబాటలు వేశారు. అవి లేనిచోట మధ్యలోంచే నడవాలి. గడ్డి మీదకి పొమ్మని ఎవరన్నారు?

వేడినీళ్లు:
అమెరికాలో యెల్లోస్టోన్ పార్కులో మార్నింగ్ గ్లోరీ అనే వేడినీటి గుండం ఉంది. ఒకప్పుడు నిఖార్సయిన నీలం. జనం నాణేలు, చెత్త విసిరి నీరు ఊరే దారిని పూడ్చేశారు. వేడి తగ్గి, అంచున ఉండే పసుపు, నారింజ రంగు బ్యాక్టీరియా లోపలికి పాకింది. ఇప్పుడు ఆ రంగులే బాగున్నాయని ఫొటోలు దిగుతున్నారు, ఏం చెప్తాం.

నడకపిచ్చి:
పర్మిట్ల సంగతి ఒక్కరూ చెప్పలేదు.

దూరపుకొండ:
పెరూలో మచు పిచ్చుకి నడిచి వెళ్లే 'ఇన్కా ట్రయల్'‌కి రోజుకి 500 మందే. గైడ్లు, మోతగాళ్లు కూడా అందులోనే లెక్క. ఫిబ్రవరిలో పూర్తిగా మూసి మరమ్మతులు చేస్తారు. థాయ్‌లాండ్‌లో మాయా బే అనే బీచ్‌ని 2018లో మూసి 2022లో తెరిచారు, ఈలోపు సొరచేపలు తిరిగొచ్చాయి. ఏడిపించడానికి కాదండీ.

చెట్టుకింద:
పర్మిట్ దొరకనివాళ్లు ఇంట్లో కూర్చోరు కదా, పక్క లోయకి పోతారు. అక్కడ టాయిలెట్ కూడా ఉండదు.

పలుగూపారా:
అందుకే నీటికి కనీసం 60 మీటర్ల దూరంలో, 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు గుంట తీసి పూడ్చమనేది. రాయి కప్పి వచ్చేస్తే సరిపోదు.

బూట్లబాబు:
టిష్యూ కూడా మోసుకురావాలంటారా ఇప్పుడు?

పలుగూపారా:
తేవాలి. జిప్ కవర్ పెట్టుకోండి.